కలిపిన తరువాతనే అది చెత్త

పెరుగన్నపు మెతుకులు, అరటితొక్క, పాలపొట్లము, నిన్నటి దినపత్రిక, ఖాళీ మందుసీసా, కాలము చెల్లిన మాత్రల అట్ట, గడియారములోనుండి తీసివేసిన బ్యాటరీ - ఇవి యన్నియు ఉదయము వఱకు ఇంటిలో వేర్వేఱు చోట్ల వేర్వేఱు వస్తువులై యుండి, ఒక్క నల్లని సంచిలో పడిన మఱుక్షణమున ఎవరికిని పనికిరాని ఒకే ముద్దగా మాఱిపోవుచున్నవి. మన పట్టణములలో పుట్టు చెత్తలో ఇంచుమించు సగము, కుళ్లి మట్టియై ఎరువు కాదగిన పదార్థమే. మిగిలినదానిలో కాగితము, లోహము, గాజు, పెక్కురకముల ప్లాస్టిక్కు కర్మాగారములకు తిరిగి ముడిసరకు కాదగినవే. వాడుక తీఱినంత మాత్రమున ఏ వస్తువును చెత్త కాదనియు, కలిపివేయుటయే దానిని చెత్తగా చేయుచున్నదనియు నా దృఢమైన నమ్మకము.

కాగితము సంగతి చూడుడు. పాతకాగితమును నీటిలో నానబెట్టి, గుజ్జుచేసి, దాని పీచుతోనే క్రొత్తకాగితమును చేయుదురు. ఈ విధముగా ఒకే పీచును ఐదాఱు పర్యాయములు వాడుకొనవచ్చును. ఆ మీదట పీచు పొట్టిదై బలము కోల్పోవును. కాని ఆ కాగితమునకు నూనె అంటినచో గుజ్జులో నూనె పీచును విడువదు. కావున బజ్జీలు చుట్టిన పత్రికను మిల్లువాడు కొనడు. అల్యూమినియమునకు అట్టి క్షీణత లేదు. దానిని ఎన్నిమాఱులైనను కరగించి పోతపోయవచ్చును, బాక్సైటు ఖనిజమునుండి క్రొత్తగా తీయుటకు కావలసిన విద్యుచ్ఛక్తితో పోల్చిచూచిన, పాతలోహమును కరగించుటలో సుమారు 95 శాతము ఆదా యగును. గాజునకును క్షీణత లేదు. ప్లాస్టిక్కు మాత్రము ఒక పదార్థము కాదు, ఒక కుటుంబము; నీళ్లసీసా అడుగున త్రికోణములో కనబడు 1 అను అంకె దాని జాతిని తెలుపును, ఆ జాతి సీసాలు కరగి బట్టలకు దారమగుచున్నవి. చిప్సుపొట్లము వంటివి పలుచని ప్లాస్టిక్కు పొరలను, లోహపు పూతను ఒకదానిపై నొకటి అతికించి చేసినవి. ఆ పొరలను విడదీయుట లాభసాటి కానందున పాతసామాన్ల కొట్టులో వానికి వెల లేదు.

పాలపొట్లమును కోయు తీరులోనే ఎంతో యున్నది. కత్తెరతో మూలను పూర్తిగా ఖండించినచో ఆ గోరంత ముక్క ఏ చేతికిని చిక్కక మురుగుకాలువ పాలగును. మూల తెగిపోక పొట్లమునకే అంటియుండునట్లు కొంచెముగా కోసి, పాలు పోసికొనిన పిదప చెంబెడు నీళ్లు త్రిప్పి, ఆ నీళ్లు మొక్కకు పోసి, పొట్లమును బోర్లించి ఆఱబెట్టినచో అది కొట్టువాడు తూచి కొనుక్కొనెడు సరకు. కడుగక ముడిచిపెట్టినచో సాయంకాలమునకు పులిసిపోయి, ప్రక్కనున్న శుభ్రమైన కాగితమును గూడ పాడుచేయును. పని అర నిమిషమునకు మించదు.

ఈ వేఱుచేయు అలవాటు మన యిండ్లకు క్రొత్తది కాదు. బియ్యము కడిగిన నీళ్లు, గంజి, కూరల తొక్కలు కుడితితొట్టికి పోయెడివి. పొయ్యిలోని బూడిద అంట్లు తోముటకు, పేడ పెంటదిబ్బకు, పాతచీరెలు బొంతలకు చేరెడివి. గేదెకు చోటులేని నాలుగవ అంతస్తు వాటాలో కుడితితొట్టి ఎట్లును ఉండదు, మఱల పూర్వకాలమునకు పొండని నేను చెప్పను. అయినను ప్రతి వస్తువునకు దానిదైన చోటు ఒకటి ఉండెడి దన్న నియమమును మాత్రము వాటాలలో గూడ నిలుపుకొనవచ్చును.

ఆ నియమము తప్పిన ఫలము ఎవరి చేతులపై పడుచున్నదో ఒకసారి చెత్తను ఏఱివేయు కేంద్రమునకు పోయి చూడవలెను. అక్కడ పనిచేయు స్త్రీ ఒక ఇడ్లీపొట్లమును విప్పును: పైన చేతిసంచి, లోపల రబ్బరుబ్యాండుతో బిగించిన సాంబారుసంచి, మఱియొక చట్నీసంచి, పత్రికకాగితము, దానికంటుకొనిన ఆకుముక్క. అవి విడివిడిగా వచ్చియుండినచో చాలవఱకు అమ్ముడుపోయెడివే. సాంబారు చినికి అన్నిటిని తడిపినందున అన్నియు కుప్పలోనికే పోవును. ఆ తరువాతి సంచిలో పగిలిన గాజుగ్లాసు ఉండవచ్చును, సూది ఉండవచ్చును, పసిపిల్ల డైపరు ఉండవచ్చును. పగిలినగాజును మందపు కాగితములో చుట్టి, డైపర్లను, వాడిన నాప్కిన్లను పొట్లముకట్టి, పైన ఎఱ్ఱసిరాతో గుఱుతుపెట్టుట మన కొక లెక్క కాదు. ఆమె చేతులకు అదియే రక్ష. దేశపు పాతకాగితమును, పాత ప్లాస్టిక్కును కర్మాగారములకు చేర్చువా రిట్టి మనుష్యులే. వారికి మన మియ్యవలసిన కనీస గౌరవము ఇది.

ఏఱబడనిది ఎక్కడికి పోవును? హైదరాబాదు చెత్త ఏండ్లతరబడి జవాహర్‌నగర్ చేరి కొండయైనది. గాలి చొరని కుప్పలో అన్నము, కూరలు కుళ్లినపుడు మీథేను పుట్టును. అది భూతాపమును పెంచుటలో బొగ్గుపులుసు గాలికంటె ఇరువదిరెట్లకు మించి తీవ్రమైనది. వానలకు కుప్పలోనికి దిగిన నీరు నల్లని ఊటయై దిగువకు పాఱి, చేరువనున్న మల్కారము చెఱువును పాడుచేసినది. అనంతరకాలమున ఆ కొండను మట్టితో కప్పిరి, చెత్తను మండించి విద్యుత్తు తీయు 24 మెగావాట్ల కేంద్రమును నెలకొల్పిరి. కాని తడిసిన చెత్త సరిగా మండదు. మంటలోని వేడిలో కొంత దాని తడిని ఆర్చుటకే వ్యయమగును. కొలిమి చెంతకు పోయినను, వంటింటిలో జరిగిన కలయికయే అడ్డుపడుచున్నది.

తడిచెత్త, పొడిచెత్త, ఇంటిలోని హానికర చెత్త అని మూడుగా వేఱుచేసి యిచ్చుట చెత్తను పుట్టించువాని బాధ్యత యని 2016 నాటి ఘనవ్యర్థ నిర్వహణ నిబంధనలు విధించినవి. ఆకుపచ్చ, నీలము, ఎఱుపు బుట్టలు అట్లు వచ్చినవే. "మేము వేఱుచేసి యిచ్చినను బండివారు కలిపివేయుచున్నారు కదా" యని పలువురు అనుచున్నారు. ఈ మాట పెక్కుచోట్ల నిజమే, దానిని త్రోసిపుచ్చరాదు; లోపల అడ్డుపలక లేని బండిని వీధికి పంపుట పురపాలకుల తప్పు. అయినను సూర్యాపేట ఈ శతాబ్ది మొదటి సంవత్సరములలోనే, బొబ్బిలి ఆ తరువాత, ఇంటింట తడి పొడి వేర్వేఱుగా తీసికొని, తడిదానిని వానపాములచేత ఎరువుచేయించి, పొడిదానిని అమ్మి, చిన్న పురపాలక సంఘములకును ఇది సాధ్యమే యని చూపినవి. మీ వీధిబండి ఇంకను ఆ స్థితికి రానిచో, తడిచెత్తను ఇంటనే ఎరువుచేసి, పొడిచెత్తను పదునైదు దినముల కొకమాఱు పాతసామాన్లవానికి ఇచ్చినచో, బండివాడు కలుపుటకు మిగులునది బహుస్వల్పము.

ఎరువునకు ప్రక్కల రంధ్రములు పొడిచిన మట్టికుండ గాని ప్లాస్టిక్ డ్రమ్ము గాని చాలును. అడుగున ఎండుటాకులు, పైన ఆనాటి తొక్కలు, మఱల ఎండుటాకులు. మొదట ఒకసారి పులిసిన మజ్జిగ చల్లినచో కుళ్లుట త్వరగా మొదలగును. దుర్వాసన వచ్చినదా, తడి ఎక్కువై గాలి ఆడకున్న దని అర్థము. ఇంకొన్ని ఎండుటాకులు వేసి కఱ్ఱతో కలియబెట్టవలెను. రెండు మూడు నెలలకు నల్లని పొడి చేతికి వచ్చును, అది వానవెలిసిన నేలవలె వాసన వేయును. వాటాలవారు పదిమంది కలిసినచో పెద్ద తొట్టి యొకటి క్రిందనే పెట్టుకొనవచ్చును. 5,000 చదరపు మీటర్లకు మించిన గృహసముదాయములు సాధ్యమైనంతవఱకు తమ ఆవరణలోనే ఈ పని చేయవలెనని 2016 నాటి ఆ నిబంధనలు గూడ విధించినవి.

వ్యాపారుల చెత్త వేఱుచేయుట కింకను సులభము, ఏలయనగా అది ఒకే తీరున దినదినము పుట్టును. బట్టలకొట్టులో అట్టపెట్టెలు, ప్లాస్టిక్ తొడుగులు. పండ్లకొట్టులో గడ్డి, కుళ్లిన కాయలు. హోటలులో తొక్కలు, ఎంగిలి, నూనెడబ్బాలు. ఉదయము ఊడ్చు కుఱ్ఱవానికి రెండు గోతాలిచ్చి, ఏది దేనిలో వేయవలెనో యజమాని ఒక వారము దగ్గఱనుండి చూపినచో చాలును. చూపకుండ కోపించుట మాత్రము నేను పెక్కు కొట్లలో చూచితిని, అది న్యాయము కాదు.

మన వేడుకలను విడిచి ఈ ప్రస్తావన పూర్తి కాదు. లైసెన్సు లేని స్థలమున 100 మందికి మించి కూడు వేడుకను జరుపువారు మూడు పనిదినములు ముందుగా స్థానికసంస్థకు తెలిపి, చెత్తను వేఱుచేయించు బాధ్యత వహింపవలెనని 2016 నాటి ఆ నిబంధనలలోనే యుండెను, ఎఱిగినవారు కొలదిమంది. ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు 2022 జూలై 1 నుండి నిషిద్ధములైనవి. వాని స్థానమున వచ్చిన కాగితపు కప్పునకు లోపల పలుచని ప్లాస్టిక్ పొర యుండును, కావున అది కాగితములోను చేరదు, ప్లాస్టిక్కులోను చేరదు. స్టీలు గ్లాసులు, అడ్డాకు విస్తళ్లు మనకు దొరకనివి కావు. భోజనశాల వెనుక ఆకులకు, ఎంగిలికి ఒకటి, నీళ్లసీసాలకు ఒకటి, మిగిలినవానికి ఒకటిగా మూడు డ్రమ్ములు పెట్టించి, ముట్టని వంటకమును వేడి చల్లాఱకముందే అనాథాశ్రమమునకు పంపు ఏర్పాటు చేయవలెను. ఈ సంగతి వంటవారితో బయానా యిచ్చునాడే మాటాడుకొనుట మంచిది. పెండ్లినాటి రాత్రి మూడవ పంక్తి లేచు వేళకు అది చెప్పుటకు గాని వినుటకు గాని ఎవరికిని తీఱిక యుండదు.