పంపర పనస: ఉద్దానం పెరటి చెట్టు, నిమ్మజాతి మూలవృక్షం

భాద్రపద మాసం సమీపించగానే శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన ఉన్న కవిటి, కంచిలి, సోంపేట ప్రాంతాల్లో పంపర పనస కాయలకు గిరాకీ వస్తుంది. వినాయక చవితినాడు పాలవెల్లికి కట్టే కాయల్లో వెలగతోపాటు దీనికీ చోటుంది. పండుగ వెళ్లిన తరువాత దాని ఊసు తగ్గుతుంది. ఉద్దానం అనగానే వ్యవసాయ శాస్త్రవేత్తకు స్ఫురించేవి కొబ్బరి, జీడిమామిడి, పనస. వాటి విస్తీర్ణం ఎకరాల లెక్కన రికార్డుల్లోకి ఎక్కుతుంది. పెరటి బావి పక్కన ఒకటి, కొబ్బరి వరుసల నడుమ రెండు అన్నట్లుగా నిలిచిన పంపర పనస ఆ లెక్కల్లో సాధారణంగా కనబడదు. నాటింది తాతో, ముత్తాతో అయి ఉంటారు. ఒక ఇంటి పండు తియ్యన, పక్కింటి పండు పులుపు, ఆ పై ఇంటి పండు చిరుచేదు. తొనలు ఒకచోట తెలుపు, మరొకచోట గులాబి. ఈ భేదాలను గ్రామస్థులు సహజంగానే తీసుకుంటారు. నిమ్మజాతి చరిత్ర తెలిసినవారికి మాత్రం అవి ఎంతో విలువైన సమాచారం.

ప్రపంచమంతటా నేడు సాగవుతున్న నిమ్మజాతి పండ్లలో అత్యధిక భాగానికి మూలపురుషులు ముగ్గురే: మాదీఫలం, మాండరిన్ కమలా, పంపర పనస. బత్తాయి, నారింజ, గ్రేప్‌ఫ్రూట్, పెద్ద నిమ్మ వంటివన్నీ ఈ మూడింటి కలయికలతో ఏర్పడిన సంకరాలు. అంటే ఉద్దానం పెరట్లో ఉన్నది ఏదో ఒక మారుమూల పండు కాదు, ఆ వంశవృక్షపు మూడు వేళ్లలో ఒకటి.

ఈ విషయం జన్యుక్రమ పరిశోధనలతో బలపడింది. 2018లో 'నేచర్' పత్రికలో వెలువడిన అధ్యయనం అరవై వరకు రకాల జన్యుక్రమాలను పోల్చి చూసింది. అస్సాం, ఉత్తర మయన్మార్, పశ్చిమ యునాన్‌లను కలుపుకొని ఉన్న హిమాలయ ఆగ్నేయ పాదప్రాంతమే నిమ్మజాతి పుట్టిల్లని నిర్ధారించింది. సుమారు 80 లక్షల సంవత్సరాల క్రితం ఋతుపవనాలు బలహీనపడి వాతావరణం పొడిబారిన కాలంలో ఈ జాతి వేగంగా శాఖోపశాఖలుగా విడిపోయింది. యునాన్‌లోని లిన్‌సాంగ్‌లో లభించిన శిలాజపు ఆకులు ఆ కాలానికి చెందినవే. మాదీఫలం పడమటి వైపు, మాండరిన్ చైనా వైపు, పంపర పనస ఆగ్నేయాసియా వైపు అభివృద్ధి చెందాయి. మనిషి వాటిని తిరిగి ఒకే తోటలోకి చేర్చినప్పుడు సంకరాలు మొదలయ్యాయి.

ఆ సంకరాల్లో పంపర పనస వాటా గమనింపదగినది. పుల్ల నారింజ, పంపర పనస తల్లిగా మాండరిన్ తండ్రిగా పుట్టిన నేరు సంకరం. ఆ పుల్ల నారింజే తల్లిగా, మాదీఫలం తండ్రిగా పెద్ద నిమ్మ ఏర్పడింది. బత్తాయి కథ మరింత చిక్కైనది. ఒక తరంలో తేలక, పలుమార్లు జరిగిన కలయికల ఫలితమది. దాని జన్యువుల్లో దాదాపు 40 శాతం పంపర పనసవే. హరితరేణువుల జన్యుపదార్థం కూడా అటునుంచే వచ్చింది గనుక తల్లి వైపు వంశం పంపర పనసదే. మన కాగితపు నిమ్మ మాత్రం ఈ వరుసకు వెలుపలిది. మాదీఫలానికి, ఫిలిప్పీన్స్ ప్రాంతపు మైక్రాంథా అనే అడవి జాతికి పుట్టిన బిడ్డ అది.

పడమటికి మొదట బయలుదేరినది మాదీఫలం. జెరూసలేం సమీపాన రామత్ రాహెల్‌లోని పారశీకుల నాటి తోట గోడల గారలో దాని పుప్పొడి దొరికింది. అది క్రీ.పూ. 5, 4 శతాబ్దాల నాటిది. గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ దీనిని మీడియా దేశపు ఆపిల్ అని వర్ణించాడు. శాస్త్రీయ నామంలోని 'మెడికా' అన్న మాట ఆ దేశం పేరే గాని, చాలామంది అనుకొన్నట్లు వైద్యానికి సంబంధించినది కాదు. నారింజకు పేరు కూడా మన నేల నుంచే వెళ్లింది. సంస్కృత 'నారంగం' పారశీకంలో 'నారంగ్', అరబ్బీలో 'నారంజ్', స్పానిష్‌లో 'నరాంహ' అయి, చివరకు ఇంగ్లిషువారి 'ఆరెంజ్'గా స్థిరపడింది. అరబ్బుల నీటిపారుదల విద్యతోపాటు పుల్ల నారింజ, నిమ్మ మధ్యధరా తీరమంతా పాకాయి. 1493లో కొలంబస్ రెండవ యాత్రలో కెనరీ దీవుల నుంచి తీసుకొన్న విత్తనాలు అట్లాంటిక్‌ను దాటి హిస్పానియోలా ద్వీపంలో మొలకెత్తాయి.

ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. అంటుకట్టే వసతి లేని ఓడల్లో, గుప్పెడు గింజలతో సాగిన ఈ ప్రయాణంలో బత్తాయి బత్తాయిగానే, నిమ్మ నిమ్మగానే ఎలా మిగిలాయి? సమాధానం గింజలోనే ఉంది. బత్తాయి, నారింజ, కాగితపు నిమ్మ గింజల్లో సంయోగం వల్ల ఏర్పడే పిండంతోపాటు, తల్లి కణజాలం నుంచి నేరుగా పుట్టే పిండాలు కూడా ఉంటాయి. ఒక గింజ నుంచి రెండు మూడు మొలకలు రావడం నర్సరీవారందరికీ తెలిసినదే. వాటిలో ఎక్కువ భాగం తల్లికి అచ్చు ప్రతిరూపాలు. బత్తాయి, నారింజలకు ఈ బహుపిండ లక్షణం మాండరిన్ వంశం నుంచి సంక్రమించింది. ప్రపంచాన్ని చుట్టివచ్చినా వాటి రూపం చెదరకపోవడానికి కారణం అదే.

పంపర పనసలో ఆ లక్షణం లేదు. దాని గింజలో ఒకే పిండం, అదీ పరపరాగ సంపర్కం వల్ల ఏర్పడినదే. పైగా దానికి స్వీయ అననుకూలత ఉంది. తన పుప్పొడి తన కీలాగ్రం మీద పడినా ఫలదీకరణ జరగదు. అందువల్ల గింజ వేసి పెంచిన ప్రతి చెట్టూ వేరొక జన్యు సమ్మేళనమే. ఉద్దానంలో ఇంటింటికీ రుచి మారడం నేల మహిమ కాదు, నీటి మహిమ అంతకన్నా కాదు.

ఈ చెట్టు తెలుగు తీరానికి ఏ దారిన వచ్చిందో దాని పేరే కొంత చెబుతుంది. రూపంలోను కులంలోను దీనికి పనసతో ఏ సంబంధమూ లేదు. తమిళుల 'పంబళిమాసు', డచ్చివారి 'పోంపెల్‌మూస్' పక్కన పెట్టి చూస్తే తెలుగు మాట పుట్టుక అర్థమవుతుంది. వినవచ్చిన పరాయి శబ్దాన్ని తమకు తెలిసిన పెద్దకాయ పేరుతో జతచేసి తెలుగువారు 'పంపర పనస' చేసుకొన్నారు. సరిహద్దుకు ఆవల ఒడియావారు దీనిని 'బాతాపి' అంటారు, బెంగాలీలు 'బాతాబి లేబు' అంటారు. రెండూ బటేవియా నగరాన్ని తలపించే పేర్లే. డచ్చివారు 1619లో జావా ద్వీపంలో నెలకొల్పిన ఆ రేవు నేటి జకార్తా. మన 'బత్తాయి' మాటకు కూడా ఇదే మూలమని చెబుతారు. 17వ శతాబ్దంలో మచిలీపట్నం, భీమునిపట్నం రేవుల నుంచి నేతబట్టలు బటేవియాకు వెళ్లేవి, అక్కడి సుగంధ ద్రవ్యాలు ఇటు వచ్చేవి. భీమునిపట్నం 1825లో ఇంగ్లిషువారి పరమయ్యేదాకా డచ్చివారి స్థావరంగానే ఉంది. అయితే పేరు వర్తకానికి సాక్షి, వృక్షానికి కాదు. అస్సాంలో 'రొబాబ్ టెంగా' పేరుతో పంపర పనస ఏనాటి నుంచో ఉంది. తీరాంధ్ర చెట్లు జావా సంతతో, ఈశాన్య భారత సంతతో, రెండింటి కలయికో ఆకుల జన్యు విశ్లేషణతో తేల్చగల విషయం. స్నాతకోత్తర విద్యార్థి పరిశోధనకు ఇది చక్కని అంశం.

పంపర పనస అట్లాంటిక్‌ను దాటిన తీరు ఇంకా ఆసక్తికరం. ఈస్టిండియా ఓడకు అధిపతియైన షడాక్ అనే కెప్టెన్ ఇంగ్లండుకు తిరిగిపోతూ బార్బడోస్‌లో ఆగి దీని గింజలను అక్కడ వదిలాడని హాన్స్ స్లోన్ 18వ శతాబ్దారంభంలో రాశాడు. ఇంగ్లిషులో ఈ పండుకు 'షడాక్' అన్న పేరు అలా వచ్చింది. అది గింజగా వెళ్లింది గనుక చెట్టుచెట్టుకూ భేదం వచ్చింది, ఇరుగుపొరుగు బత్తాయి పుప్పొడి దానికి అందింది. ఆ కలయికలో పుట్టినదే గ్రేప్‌ఫ్రూట్. బత్తాయి వైపు నుంచి బహుపిండ లక్షణం అందడంతో ఆ కొత్త పండు గింజల ద్వారానే స్థిరంగా వ్యాపించి, 19వ శతాబ్దంలో ఫ్లోరిడాకు చేరి పెద్ద వాణిజ్య పంటగా మారింది. ఎవరూ ప్రయత్నపూర్వకంగా చేసిన ప్రజననం కాదిది. ఒక ద్వీపంలోని తోటలో దానంతట అది మొలిచిన మొక్కను ఎవరో గుర్తించి నిలుపుకొన్నారు, అంతే.

ఈ బంధుత్వానికి మరో పర్యవసానం ఉంది. ఉద్దానంలో పనిచేసే విస్తరణ సిబ్బంది దానిని తప్పక తెలుసుకోవాలి. గ్రేప్‌ఫ్రూట్‌లోని ఫ్యురానోకూమరిన్లు పేగుల్లో కొన్ని మందులను విచ్ఛిన్నం చేసే ఎంజైమును అణచివేసి, రక్తంలో ఆ మందుల మోతాదును పెంచుతాయి. ఈ పదార్థాలు పంపర పనసలోనూ ఉంటాయి. మూత్రపిండ మార్పిడి జరిగిన ఒక రోగిలో పంపర పనస తిన్న తరువాత టాక్రోలిమస్ స్థాయి పెరిగినట్లు 2003లో వైద్య పత్రికలో నమోదైంది. రక్తపోటుకు, కొలెస్టరాల్‌కు వాడే కొన్ని మందుల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధితో ఇన్ని కుటుంబాలు బాధపడుతున్న ప్రాంతంలో, పొటాషియం నియంత్రణ కూడా పాటించవలసిన రోగులు డాక్టరును అడిగిన తరువాతనే ఈ పండు తినాలని చెప్పాలి. ఆరోగ్యవంతులకు ఇది విటమిన్ 'సి' సమృద్ధిగా ఉన్న మంచి పండు. పండును పొగిడే కరపత్రంలో ఈ రెండు మాటలూ పక్కపక్కనే ఉండాలి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపాన తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, గరిష్ఠంగా 165. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగిన దృశ్యాలు రాష్ట్రమంతా చూసింది. పడిపోయిన కొబ్బరికి బదులు అదే రకం మొలక తెచ్చి నాటవచ్చు, ఫలితానికి ఏళ్లు పట్టినా రకం తిరిగివస్తుంది. పడిపోయిన పంపర పనస సంగతి వేరు. అంటు తీసి ఉంచకపోతే ఆ జన్యు సమ్మేళనం ఆ చెట్టుతోనే ముగిసిపోతుంది. దాని గింజ నుంచి మొలిచినది దాని బిడ్డే గాని అది కాదు. ఒక ఇంటివారు మూడు తరాలుగా బంధువులకు పంచుకొంటూ వచ్చిన తీపి పండు ఒక్క రాత్రిలో అదృశ్యం కావడానికి ఇంతకన్నా పెద్ద కారణం అవసరం లేదు. ఇల్లు పెంచుకోవడానికి పెరటి చెట్టు కొట్టివేయడం తుఫానంత చప్పుడు చేయదు, నష్టం మాత్రం అంతే.

కనుక ఇక్కడ మొదటి పని కొత్త రకాన్ని తెచ్చి ఇవ్వడం కాదు. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క చంద్ర, అర్క అనంత రకాలను పరీక్షించి చూడవచ్చు, మంచిదే. అంతకు ముందు ఉన్న చెట్లను గుర్తించాలి. ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం, నైర వ్యవసాయ కళాశాల విద్యార్థులు గ్రామీణ అనుభవ కార్యక్రమంలో ఉన్నప్పుడు ఈ సర్వే చేపట్టడం కష్టమేమీ కాదు. కాయ బరువు, తొక్క మందం, తొనల రంగు, గింజల సంఖ్య, తీపి శాతం, చేదు, కాపుకాలం, తుఫానుకు నిలిచిన తీరు నమోదు చేస్తే చాలు. ఇంటి పెద్దావిడను అడిగితే సగం వివరాలు ఆమె నోటనే దొరుకుతాయి. ఏ చెట్టు కాయ పూజకు, ఏ చెట్టు కాయ తినడానికి అన్న విభజన ఊళ్లో ముందే జరిగిపోయి ఉంటుంది.

ఎంపికైన చెట్లకు వర్షాకాలంలో గాలి అంట్లు కట్టాలి. పెన్సిలు లావుకు మించిన ముదురు కొమ్మపై అంగుళం వెడల్పున బెరడు వలిచి, వేరు హార్మోను రాసి, తడిపిన నాచు చుట్టి పాలిథీను కాగితంతో బిగించి కట్టినట్లయితే రెండు నెలల ప్రాంతంలో వేళ్లు కనిపిస్తాయి. గాలి అంటు మొక్క నాలుగవ ఏట కాపుకు వస్తుంది. గింజ మొక్కకు అంతకు రెట్టింపు కాలం పడుతుంది. అయితే గాలి అంటుకు తల్లివేరు ఉండదు. ఇసుక నేలల్లో, తుఫాను తాకే తీరంలో ఇది చిన్న లోపం కాదు. అందుచేత నిలదొక్కుకొనే వేరుమూలం మీద కన్ను అంటు కట్టిన మొక్కలను కూడా పక్కనే పరీక్షించాలి. తల్లి చెట్టుకు ట్రిస్టెజా వైరస్ గాని, గ్రీనింగ్ తెగులు గాని ఉంటే అంటుతో పాటే బిడ్డ మొక్కకు సంక్రమిస్తుంది. ముందే పరీక్ష చేయించకుండా అంట్లు పంచడం మేలుకన్నా కీడే చేస్తుంది.

రైతులకు ముందుగా చెప్పవలసిన ఇంకొక సంగతి ఉంది. ఒకే మంచి చెట్టు నుంచి తీసిన అంట్లతో తోటంతా నింపితే, అవన్నీ జన్యుపరంగా ఒకే చెట్టు గనుక ఒకదాని పుప్పొడి మరొకదానికి పనికిరాదు. పూత విరగబూసి కాయ నిలవదు. కనీసం రెండు మూడు భిన్నమైన చెట్ల అంట్లను వరుసల్లో కలిపి నాటాలి. పెరట్లో ఒంటరి చెట్టు కాయడం లేదని అడిగే గృహస్థుకూ ఇదే జవాబు. పొరుగున మరో పంపర పనస గాని నిమ్మ గాని ఉంటే తేనెటీగలు తక్కిన పని చూసుకొంటాయి.

ఇలా గుర్తించిన చెట్టును దాని యజమాని పేరున రైతు రకంగా నమోదు చేయించుకొనే హక్కును 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కల్పిస్తోంది. రుసుము, దరఖాస్తు వివరాలు విస్తరణ అధికారి వద్ద సిద్ధంగా ఉండాలి. ఒక్కో రకం అంట్లను ఉద్దానంలోనే గాక తుఫాను దారికి దూరంగా ఉన్న మరొక క్షేత్రంలోనూ పెంచాలి. కాయలు చెట్టు మీద ఉండగానే సర్వే జరగాలి గనుక దానికి అనువైన కాలం శ్రావణ, భాద్రపదాలు. ఉత్తర కోస్తాకు తీవ్ర తుఫానులు ఎక్కువగా వచ్చేది ఆ వెంటనే, ఆశ్వయుజంలో.