సెల్‌ఫోన్‌ను మంచానికి ఒక అడుగు దూరంలో ఉంచండి

ఐ.సి.యు.లో రోగి మంచం మీద సెల్‌ఫోన్ పెట్టవద్దని మేము చెబితే కొందరు బంధువులు నొచ్చుకుంటారు. ఇందుకు కారణం ఉంది.

సెల్‌ఫోన్, వాకీటాకీ, ఆపరేషన్ థియేటర్‌లోని కాటరీ యంత్రం విద్యుదయస్కాంత తరంగాలను వెదజల్లుతాయి. అవి ఇ.సి.జి. తీగలలో చేరితే గీత చెదిరి, గుండె లయ తప్పినట్లు కనబడవచ్చు. సిరంజి పంపు ఆగిపోతే రోగికి మందు అందదు.

అందుకే వైద్య పరికరాలకు ఐ.ఇ.సి. 60601-1-2 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. పరికరం ఇతర యంత్రాలకు ఆటంకం కలిగించరాదు. ఇతర తరంగాలకు తానూ తడబడరాదు. 2014లో వెలువడిన దీని నాలుగవ కూర్పు ప్రకారం, ఫోన్ వంటివాటిని పరికరానికీ దాని తీగలకూ 30 సెం.మీ. కంటె దగ్గరగా వాడరాదని తయారీదారులు హెచ్చరించాలి. దూరం పెరిగేకొద్దీ తరంగాల బలం తగ్గుతుంది. సిగ్నల్ సరిగా అందని గదిలో ఫోన్ మరింత శక్తితో తరంగాలు పంపుతుందని మరువకండి.

పేస్‌మేకర్ ఉన్నవారు ఫోన్‌ను చొక్కా జేబులో పెట్టుకోరాదు. కనీసం 15 సెం.మీ. దూరం పాటించి, పేస్‌మేకర్ లేని వైపు చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడాలి.

మా సిస్టర్లకు మేము చెప్పేది ఒక్కటే: అలారం మోగితే ముందు రోగిని చూడండి, తరువాత తీగలను, ఆ తరువాతే పక్కనున్న ఫోన్‌ను.