భాషకు ఇల్లు కట్టిన ఊరు

గ్రంథాలయానికి "భాషా నిలయం" అని పేరు పెట్టాలని ఎవరికైనా ఎందుకు తోస్తుంది? హనుమకొండ పెద్దలకు తోచింది. 1904లో వారు స్థాపించుకున్న గ్రంథాలయం పేరు శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్రభాషా నిలయం. అంటే భాషకు ఒక ఇల్లన్నమాట. ఇల్లు లేనివారికే గదా ఇల్లు కట్టవలసి వచ్చేది!

నిజాం రాజ్యంలో అప్పుడు తెలుగు స్థితి అలాగే ఉండేది. కచేరీలో ఉర్దూ, కోర్టులో ఉర్దూ, పై చదువులోనూ ఉర్దూయే. తెలుగు మాట్లాడేవారు లక్షల మంది ఉన్నా, ఆ భాషకు గడప దాటితే గౌరవం లేదు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి ఇంట శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం వెలిసింది. కొమర్రాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావుగారు దానికి అండ. మూడేళ్లు తిరిగేసరికి హనుమకొండ అందుకున్నది. తరువాత వరంగల్లు మట్టెవాడలో శబ్దానుశాసన ఆంధ్రభాషా నిలయం లేచింది. నన్నయ్యగారిచేత భారతం వ్రాయించిన రాజు పేరు ఒకదానికి, నన్నయ్యగారి బిరుదును గుర్తుచేసే పేరు మరొకదానికి! పేర్లలోనే వారి పట్టుదల కనబడుతుంది.

ఈ నిలయాలు బీరువాలకే పరిమితం కాలేదు. సభ జరపాలంటే సర్కారు అనుమతి కావాలనే "గష్తీ నిషాన్ 53" అమలులో ఉన్న రోజులవి. రాజకీయం మాట్లాడే వీలు లేనిచోట సాహిత్యం మాట్లాడేవారు. వార్షికోత్సవం పేర నలుగురూ కలిసేవారు. చదువు రానివారికి చదివి వినిపించేవారు. వట్టికోట ఆళ్వారుస్వామిగారు పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. హనుమకొండలోనే జీవితం గడిపిన కాళోజీగారూ గ్రంథాలయోద్యమంలో నడిచినవారే.

ఇక రెండో కథ. పుస్తకం రాకముందు మన పల్లెకు గ్రంథాలయం లేదనుకుంటున్నారా? ఉన్నది. దాన్ని చుట్ట చుట్టి భుజాన వేసుకుని తెచ్చేవారు. అదే చేర్యాల పటం. చేర్యాల 2016 దాకా వరంగల్లు జిల్లాలోదే. జిల్లాల విభజనతో సిద్దిపేటకు వెళ్లింది.

ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి కలిపి పూతల మీద పూతలు పెడతారు. ఆరిన తరువాత ఎర్రని నేల మీద కథంతా బొమ్మలుగా దిగుతుంది. వెడల్పు సుమారు 3 అడుగులు. పొడవు 40 అడుగులు దాటినవీ ఉన్నాయి. నకాషీలు బొమ్మ వేస్తే, కథకులు ఒక్కొక్క మడతా విప్పుతూ రాత్రంతా పాడేవారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం కూనపులివారు చెప్పేవారు. గౌడులకు గౌడ పురాణం గౌడజెట్టివారు చెప్పేవారు. అక్షరం రాని తల్లి కూడా తన కులకథను కళ్లతో చదువుకునేది.

నేడు ఆ పటానికి భౌగోళిక గుర్తింపు ఉన్నది. కాని కథ చెప్పించుకునేవారు తగ్గారు. పొడుగు పటం అడిగేవారు లేక, గోడకు తగిలించే చిన్న బొమ్మలు, మాస్కులే ఎక్కువగా అమ్ముడుపోతున్నాయి. బొమ్మ మిగిలింది, కథ జారిపోతున్నది.

మరి మన పఠనాలయం మాటేమిటి? పోటీ పరీక్షల పుస్తకాలు ముందు వేసుకున్న యువకులు కనబడతారు. రావలసినదే, వారి కుర్చీ కదపనక్కరలేదు. కాని వారానికి ఒక్క పూట, ఒక్క గోడ బొమ్మకు ఇవ్వలేమా?

ఖర్చెంత? ఒక తాడు, నాలుగు మేకులు, ఒక జంపఖానా. జంపఖానాలకు మన కొత్తవాడే ప్రసిద్ధి! ఆదివారం ఉదయం పటం విప్పి కట్టండి. నకాషీని పిలిచి, రానుపోను ఖర్చులూ, ఆనాటి కూలీ గౌరవంగా చేతిలో పెట్టండి. "కళాసేవ" అని చెప్పి ఉత్త శాలువాతో పంపవద్దు. పిల్లలను కూర్చోబెట్టి గుడ్డకు పూత ఎలా పెట్టాలో వారి చేతనే చేయించండి. నేతగాళ్ల పిల్లలు తమ పురాణాన్ని తమ ఊళ్లోనే చూసుకుంటారు. పక్క బీరువాలో ఆ కథ పుస్తకంగా ఉంటే, అది తీసి ఇవ్వండి. బొమ్మ చూసిన పిల్లవాడు పుస్తకం అడగకుండా పోడు.

హనుమకొండలో 2024 నవంబరులో కాళోజీ కళాక్షేత్రం తెరుచుకున్నది. సంతోషం. కాని పెద్ద మందిరానికి టిక్కెట్టు కొనుక్కుని వెళతాము. వీధి గ్రంథాలయానికి చెప్పులు విడిచి వెళతాము. రెండూ కావాలి. 2022లో యునెస్కో వరంగల్లును "నేర్చుకునే నగరాల" జాబితాలో చేర్చుకున్నది. ఆ పేరు నిలవడం వీధి వీధిలో జరిగే పనిని బట్టి ఉంటుంది.

మరొక్క మాట. మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉన్నది. కనుక సర్కారు గ్రంథాలయానికి మనం అతిథులం కాము, ఇంటివాళ్లమే. ఇంటివాళ్లు అడిగితే కాదనేదెవరు?

120 ఏళ్ల క్రితం పెద్దలు భాషకు ఇల్లు కట్టారు. ఆ ఇంట బొమ్మకు ఒక గోడ ఇవ్వడం మన వంతు. ఈ ఆదివారం పిల్లల చెయ్యి పట్టుకుని మీ పేట గ్రంథాలయం దాకా వెళ్లి, అక్కడ ఖాళీ గోడ ఉన్నదేమో చూసి రండి.