ఆకు ముందా, పువ్వు ముందా

క్యోటోలో మేం దిగిన సాయంత్రం చెర్రీ చెట్లు ఒక్కటంటే ఒక్కటి పెదవి విప్పలేదు. బూడిదరంగు ఆకాశం కింద, సన్నటి తుంపరలో తడిసి నల్లబడిన కొమ్మలు. పట్టులా నున్నటి బెరడు మీద ఎవరో గోటితో అడ్డంగా గీసినట్టు గాట్లు. కొమ్మల కొసన మాత్రం, దగ్గరికెళ్లి కళ్లు చిట్లించి చూస్తే, గోరింటాకు పండిన చిటికెనవేళ్లలా ఎర్రెర్రటి మొగ్గలు. ప్రతి మొగ్గ మొననా వేలాడుతూ ఒక వానచుక్క. ఆ చుక్కలో తలకిందులుగా ఒక చిన్న గుడి కప్పు.

ముప్ఫయ్యేళ్ల కాపురంలో మేమిద్దరమే కలిసి చేసిన మొదటి విదేశీ ప్రయాణం ఇది. మావారు మంకీ క్యాప్ కిందికి లాక్కుని, మొగ్గల కేసి, చేతిలో ఉన్న తిరుగు టికెట్ల తేదీ కేసి మార్చి మార్చి చూశారు. పూలు పూసే వేళ హఠాత్తుగా విరుచుకుపడే ఈ చలికి జపాన్ వాళ్లు ఒక పేరే పెట్టుకున్నారు, హనబియె అని. పూలచలి అన్నమాట. నిరుడు వేసవిలోనే కట్టిన ఈ మొగ్గలు శరత్తులో నిద్రలోకి జారుకుంటాయి. వాటిని మళ్లీ లేపేది వెచ్చదనం ఒక్కటే కాదు, ముందు శీతకాలపు చలి తగలాలి. మనం చలికి ముసుగు తన్ని పడుకుంటే ఈ చెట్లు చలి తగిలితేగాని మేలుకోవు. ఆ పైన ఎండ కాస్త కనికరించాలి.

అందాకా దేశమంతా ఎదురుచూపే. టోక్యోలో యసుకుని గుడి ఆవరణలో గుర్తుపెట్టిన చెట్టు ఒకటుంది. వాతావరణశాఖ ఉద్యోగి వచ్చి, టీవీ కెమెరాల ఎదుట, ఆ చెట్టుకు విచ్చిన పూలు లెక్కపెడతాడు. ఐదారు కనిపిస్తే చాలు, నగరంలో పూలకారు మొదలైనట్టు ప్రకటన. నైరుతి కేరళను తాకింది, రాయలసీమకు వచ్చింది అని మనం రేడియోకు చెవి ఒగ్గినట్టే, దక్షిణాన క్యూషూ దీవి నుంచి ఉత్తరాన హొక్కైదో దాకా మెల్లగా పాకే పూలవరుసను వాళ్లు ఊరూరా పటం మీద గీసుకుంటారు.

దాదాపు వారం గడిచింది. ఒక తెల్లవారుజామున గది కిటికీ తెర తొలగించిన మావారు మాట్లాడకుండా నా భుజం తట్టారు.

వీధి చివర నిన్నటిదాకా నల్లటి కొమ్మలున్నచోట ఒక మబ్బు దిగి కూర్చుంది.

తత్వవేత్త బాట అని ఒక కాలవ గట్టు ఉంది ఆ ఊళ్లో. నిషిదా కితారో అనే తత్వవేత్త ఆలోచిస్తూ నడిచిన దారి కనక ఆ పేరు. రెండు కిలోమీటర్లుంటుందేమో, రాతిగట్ల మధ్య బివా సరస్సు నీళ్లు చప్పుడు చేయకుండా పారుతుంటాయి. మేం వెళ్లేసరికి సూర్యుడింకా తూర్పు కొండ ఎక్కలేదు. రెండు గట్ల మీంచీ కొమ్మలు నీటి మీదికి వంగి, ఒకదాన్నొకటి అందుకుని, తెల్లటి పందిరి అల్లాయి. తెల్లన అనగానే మల్లె తెలుపు అనుకోకండి. పాలలో ఒక్క చుక్క దానిమ్మరసం పడి, కలిసీ కలవక ముందు కనిపించే తెలుపు. ఎక్కడా ఒక ఆకు లేదు. పచ్చదనం అన్న మాటే మరిచిపోయినట్టు చెట్టంతా పూవే. మోడు మొదట్లో, బెరడు చీల్చుకుని కూడా, నాలుగు పూలు తొంగి చూస్తున్నాయి. ఒక్కో కణుపు నుంచి మూడో నాలుగో సన్నటి కాడలు వేలాడుతుంటే, ఒక్కో కాడకీ ఐదు రేకుల పువ్వు. ప్రతి రేకు అంచునా చిన్న నొక్కు, చీమ కొరికినంత. ఇన్ని వేల పూలున్నా వాసన మాత్రం పొరపాటున తగిలితే తగిలినట్టు. మల్లెల దేశం నుంచి వెళ్లిన నాకు అదొక్కటే వెలితి.

కిందికి చూస్తే కాలవ నీళ్లలో ఇంకో పందిరి. ఏ పందిరి కింద నడుస్తున్నామో కాసేపు తెలియలేదు.

ఈ గట్టుకు మొదట చెర్రీ మొక్కలిచ్చింది హషిమోతో కన్‌సెత్సు అనే చిత్రకారుడు. 1920ల తొలినాళ్లలో, పేరూ డబ్బూ వచ్చాక, తన్ను ఆదరించిన ఊరికి ఏదైనా ఇవ్వాలనుకున్నాడట. చెర్రీ మొక్కలిద్దాం అన్న ఆలోచన మాత్రం ఆయన భార్య యోనేది. మూడు వందల మొక్కలు. అప్పటివి చాలావరకు ముసలివై పోయాయి, వాటి చోట కొత్తవి వచ్చాయి. అయినా ఊరు వీటిని ఇప్పటికీ కన్‌సెత్సు పూలనే పిలుస్తుంది. "ఆలోచన ఆవిడది, పేరు ఆయనది" అన్నాను. మావారు విననట్టు ఫొటో తీసుకోవడంలో మునిగిపోయారు.

అప్పుడే నా మోచేతి దగ్గర కొమ్మ కదిలింది. బొటనవేలంత పిట్ట. ముదురు పసుపుపచ్చని గొంతు, లేత ఆకుపచ్చ వీపు, కంటి చుట్టూ సుద్దతో దిద్దినట్టు తెల్లటి వలయం. మెజిరో అంటారట దాన్ని, తెల్లకన్ను అని అర్థం. దీని దాయాదులు మన తూర్పు కనుమల్లోనూ ఉన్నాయి. కొమ్మను కాళ్లతో పట్టుకుని తలకిందులుగా వేలాడి, సన్నటి ముక్కు పువ్వులో దింపి, కుంచెలాంటి నాలుకతో తేనె తుడుచుకుని, మరో పువ్వుకు జారింది. ముక్కు మీద పుప్పొడి పసుపు. రేకు ఒక్కటి రాలలేదు. అంతలో పిచ్చుకల దండు వచ్చి వాలింది. పిచ్చుక ముక్కు పొట్టి, పువ్వులోకి దిగదు. అది పువ్వును మొదట్లోనే పుటుక్కున తెంపి, వెనకనుంచి తేనె చప్పరించి, వదిలేస్తుంది. రేకులు విడివిడిగా కాక పువ్వుకు పువ్వే గిరగిరా బొంగరంలా తిరుగుతూ రాలి నా అరచేతిలో పడింది. మొదట్లో పిచ్చుక నొక్కిన గాటు. ఇంకా తడిగా ఉంది.

ఈ చెట్టు పేరు సొమెయ్ యోషినో. నగరాల్లో, బడుల్లో, నది గట్ల మీద మనం ఫొటోల్లో చూసే చెర్రీ చాలావరకు ఇదే. దీని కథ విన్నాక నాకు ఒళ్లు జలదరించింది. ఒకప్పుడు ఎదో అనబడిన టోక్యో శివార్లలో సొమెయ్ అనే తోటమాలుల పల్లె ఉండేది. రెండు జాతుల చెర్రీలు కలిసిన ఒక చెట్టు ఆ తోటల్లోంచి అమ్మకానికి వచ్చి, అంటు మీద అంటుగా దేశమంతా పాకింది. తన పుప్పొడితో తనకు కాయ కట్టదు. పక్కచెట్టు పుప్పొడి తెచ్చినా అదీ తనే. కనక గింజ నుంచి ఇదే చెట్టు మళ్లీ మొలవదు. మనిషి చెయ్యి అంటు కడితేనే మరో చెట్టు. క్యోటో కాలవ మీద వంగినదీ, టోక్యోలో ఉద్యోగి లెక్కపెట్టినదీ, లక్షల ఒళ్లు దాల్చిన ఒకే ఒక్క చెట్టు. అందుకే ఊరంతా ఒక్కపూటే విచ్చుకుని ఒక్కసారే రాలిపోతుంది.

"అద్దాల గదిలో ఉన్నట్టుంది నాకు" అన్నాను.

"మీ నూజివీడు బంగినపల్లి మాత్రం ఏమిటి? అదీ అంటే కదా. తినేటప్పుడు గుర్తురాలేదా?" అన్నారు మావారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

మరి రెండు రోజులకు పూల నడుమ కేసరాల దగ్గర ఎరుపు చిక్కబడింది. వెళ్లే వేళయిన పువ్వు అలా లోపలినుంచి ఎర్రబడుతుంది. ఆ సాయంత్రం గాలి లేచింది. అంతే, వీధి వీధంతా తెల్లబడిపోయింది. గొడుగుల మీద, సైకిల్ బుట్టల్లో, ఆగి ఉన్న బస్సు అద్దం మీద, మావారి మంకీ క్యాప్ ఊలుదారాల్లో రేకులే రేకులు. కాలవలో పడ్డవి ఒకదానికొకటి ఆనుకుని, లేత గులాబీ చాపలా పరుచుకుని, మలుపు దగ్గర ఒక్క క్షణం తటపటాయించి, మళ్లీ కదిలాయి. హనఇకద అంటారు దీన్ని, పూల తెప్ప. ఆ మాట వినగానే నాకు కోనేటి నడుమ దీపాలతో తిరిగే తెప్ప కళ్లలో మెదిలింది. ఈ తెప్ప మీద మాత్రం ఉత్సవమూర్తి లేడు.

మర్నాడు యోషినో వెళ్లాం. నారా ప్రాంతపు కొండ అది. రైలు దిగాక కొండ మొదట్లో తీగమార్గం ఎక్కాలి. 1929 నుంచి నడుస్తోంది, జపాన్‌లో మిగిలినవాటిలో అన్నిటికంటే పాతదట. ఆ చిన్నపెట్టె కిర్రుమంటూ చెట్ల మీంచి పైకి పాకుతుంటే, కింద పొగమంచు విడిపోయి కొండ ఒళ్లు కనిపించింది.

ఇక్కడ మబ్బు లేదు, తెల్లటి పందిరీ లేదు. దేవదారుల్లాంటి ముదురాకుపచ్చ చెట్ల మధ్య, లోయ మీద లోయగా, కొండచెర్రీలు. ఒకటి తెల్లటి నురగ. దాని పక్కది గంధపు ఛాయ. ఆ వెనకది శంఖపు లోపలి గులాబీ. ఇంకొకటి పూత ముగించుకుని మందారపు మసకలోకి దిగుతోంది. సుమారు ముప్ఫైవేల చెట్లు, ఎక్కువభాగం యమజకుర అనే అడవిచెర్రీ. ఇది గింజ నుంచి మొలుస్తుంది. అందుకే ఏ రెండింటి రంగూ ఒకటి కాదు, ఏ రెంటి ముహూర్తమూ ఒకటి కాదు. ఎండ మబ్బుచాటు నుంచి జారి ఒక్కో చెట్టును వేలితో తాకినట్టు వెలిగించి, వదిలేసి, మరోదాన్ని వెలిగిస్తోంది. కిందినుంచి పైదాకా కొండను నాలుగు మజిలీలుగా చెబుతారు, ఒక్కోదాన్నీ వెయ్యిచెట్లని పిలుస్తారు. పూత కూడా యాత్రికుడిలా ఒక్కో మజిలీ ఎక్కుతూ పోతుంది.

కొమ్మ దగ్గరికి వంచుకుని చూశాను. పువ్వుతోపాటే ఆకు! నిగనిగలాడే రాగిరంగు లేతాకు, సగం మడత విప్పుకుని, ముట్టుకుంటే మైనంలా మెత్తగా. ఎక్కడో చూసిన రంగు. ఎక్కడేమిటి, మా నాన్నగారి తోటలో! మాఘఫాల్గుణాల్లో మామిడి చెట్టు తొడిగే ఎర్రచిగురు అచ్చం ఇదే. "ఏమండీ, ఇదండీ చెర్రీ అంటే" అన్నాను. ఆయన ఖమ్మం మనిషి. ఆకంతా రాల్చేసి నిప్పురవ్వల్లా పూసే మోదుగ వనాల్లో పెరిగారు. "ఆకు అడ్డం లేకపోతేనే పువ్వు పువ్వులా కనిపిస్తుంది" అన్నారు. ఆ గొడవ మధ్యాహ్నం దాకా సాగింది.

ఇక్కడొక తమాషా ఉంది. నగరపు చెర్రీని తోటమాలులు మొదట అమ్మింది యోషినో చెర్రీ అనే, ఈ కొండ పేరు అరువు తెచ్చుకుని. 1900లో ఫుజినో అనే ఆయన ఆ రెండూ వేరని తేల్చి, దానికి సొమెయ్ అని ఇంటిపేరు తగిలించాడు. అసలుది ఈ అడవిచెర్రీయే. రాజుల దినచర్యల్లో, సామంతుల విందుల లెక్కల్లో, క్యోటోలో ఈ అడవిచెర్రీ ఎప్పుడు నిండుగా పూసిందో 812 నుంచి రాసిపెట్టినవి దొరుకుతున్నాయి. ఆ వరుస చూసిన పరిశోధకులు చెప్పేదేమంటే, 2021లో మార్చి 26కే నిండు పూత వచ్చిందని, అప్పటిదాకా పన్నెండు వందల ఏళ్లలో అంత తొందర ఎన్నడూ లేదని. భూమి వేడెక్కుతున్న సంగతి చెట్టు తన పద్ధతిలో చెప్పుకుంటోంది.

కొండ నడుమ కింపుసెంజి గుడి. ముప్ఫైనాలుగు మీటర్ల ఎత్తు చెక్కమందిరం, ఏనుగు చర్మంలా ముడతలు పడ్డ స్తంభాలు. లోపలి చీకట్లో, ఏడాదిలో కొన్నాళ్లే తెర తీసే ముగ్గురు మూర్తులు, జావో గొంగెన్. నీలపు దేహం, నిప్పుల జటలు, పైకెత్తిన పాదం. నీలిమేను చూడగానే నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. ఎన్ నో గ్యోజా అనే తపసి ఈ మూర్తిని దర్శించి చెర్రీ కొయ్యలో చెక్కాడని ఐతిహ్యం. నాటినుంచీ భక్తులు కానుకగా చెర్రీ మొక్క నాటుతూ వచ్చారు. ఈ కొండంతా అలా మొక్కుబడులు పూసిందే.

ఆ ఏడు ఉగాది ఏప్రిల్ రెండో వారంలో పడింది. మేం ఆ కొండ మీదే, ఒక చిన్న సత్రంలో ఉన్నాం. వేపపూత లేదు, కొత్త బెల్లం లేదు. ఇంటావిడకు చేతులు తిప్పి ఏదో చెప్పబోయాను. ఇవాళ మాకు కొత్త సంవత్సరం అన్నంతవరకు అర్థమైంది కాబోలు, లోపలికెళ్లి రెండు తెల్లకప్పులు తెచ్చింది. అడుగున ముడుచుకున్న ఒక్కో పువ్వు, ఉప్పులో, ఉమె అనే పుల్లటి కాయల రసంలో ఊరవేసిన ముద్దచెర్రీ. పైనుంచి వేడినీళ్లు పోసింది. పువ్వు ముందు కదల్లేదు. తర్వాత ఒక రేకు, మరో రేకు, నిద్రలో ఒత్తిగిలినట్టు. చూస్తుండగానే గులాబీరంగు పరికిణీ కుచ్చిళ్లన్నీ నీళ్లలో విప్పుకుని గుండ్రంగా తేలింది. చెట్టు మీద లేని సువాసన ఇప్పుడొచ్చింది. పెళ్లి మాటల్లో, పెళ్లిళ్లలో ఇస్తారట ఈ సకురయు.

మావారు ఒక గుక్క తాగి, "ఉప్పు, పులుపు. ఇంకా నాలుగు బాకీ" అన్నారు.

మధ్యాహ్నం పైకొసన ఉన్న చివరి మజిలీకి వెళ్లాం. కింద కొండంతా పండగలో ఉంటే ఇక్కడింకా శీతకాలమే. బోసికొమ్మలు, నాచుపట్టిన రాళ్లు, ఎక్కడో సన్నటి నీటి చప్పుడు. సైగ్యో అనే కవి సన్యాసి ఒంటరిగా ఉన్నాడనే గుడిసె పక్కన ఒక లేతచెట్టు. కొమ్మ అందేంత కిందికి ఉంది. మొగ్గపొరలు అప్పుడే చీలుతున్నాయి. ఒక చీలికలోంచి సూదిమొనంత రాగిరంగు తొంగిచూసింది.

"ఆకే ముందు" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, ముక్కు ఆనేంత దగ్గరికి వంగి, అదే కొమ్మకు ఇంకో మొగ్గ చూపించారు. దాని చీలికలో గులాబీరంగు. కింద ఆఖరి బస్సు వేళ దగ్గరపడుతోంది. ఇద్దరం మూడో మొగ్గ వెతుకుతున్నాం.