ఊరేగింపు బండికి వెలుగుల హంగు
తీగ దగ్గర ఏమరుపాటు పనికిరాదు

ఒకప్పుడు పల్లెల్లో పెళ్లి ఊరేగింపు అంటే పెట్రోమాక్సు లైట్లదే రాజ్యం. నెత్తిన లైట్లు పెట్టుకుని మనుషులు రెండు వరుసలుగా నడిచేవారు. నడుమ పల్లకీయో, పూలు చుట్టిన కారో మెల్లగా కదిలేది. ఆ లైట్ల బుస్సుమనే చప్పుడు పెద్దవాళ్ల చెవుల్లో ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత జనరేటరు బండి వచ్చింది. ట్యూబులైట్లు, సీరియల్ బల్బులు వచ్చాయి.

ఇప్పుడు రోజులు మారాయి. టాపు లేని జీపు గాని, పైకప్పు మడిచే కారు గాని వీధిలోకి వస్తోంది. దాని అంచుల వెంట నీలం, గులాబీ, ఆకుపచ్చ వెలుగులు పాకుతుంటాయి. కాళ్ల దగ్గర వెలుగు, సీటు కింద వెలుగు, బండి కింద నేల మీద వెలుగు. డప్పు దెబ్బకు తగ్గట్టు రంగులు మారే ఏర్పాటు కూడా ఉంది. పిల్లలు నోరు తెరుచుకు చూస్తారు. పెళ్లివారు ముచ్చట పడతారు.

ముచ్చట తప్పు కాదు. అయితే ఆ వెలుగుల వెనుక బ్యాటరీ ఉంది, తీగలు ఉన్నాయి, పక్కనే పెట్రోలు ట్యాంకు ఉంది. చుట్టూ కాగితం పూలు, థర్మోకోల్, పట్టు చీరలు, బాణసంచా ఉంటాయి. పని తెలిసి బిగిస్తే వేడుక. తెలియక బిగిస్తే చేటు. బండి ఉన్నవారు, దాన్ని బాడుగకు తెచ్చుకునేవారు తెలుసుకోవలసిన నాలుగు సంగతులు ఇవి.

ఆవగింజంత ముక్కలో వెలుగు

ఈ దీపాలను ఎల్.ఇ.డి. దీపాలంటారు. పాత బల్బులో సన్నని తీగ ఎర్రగా కాలి వెలుగునిచ్చేది. ఖర్చయిన కరెంటులో ఎక్కువ భాగం వేడిగా పోయేది. ఎల్.ఇ.డి.లో కాలే తీగ లేదు. ఆవగింజంత ముక్కలో కరెంటు పారినప్పుడు అదే వెలుగవుతుంది. అందుకే తక్కువ కరెంటుతో ఎక్కువ వెలుగు వస్తుంది. కుదుపులకు ఊడిపోయే తీగ లేదు కనుక గతుకుల రోడ్ల మీద తిరిగే బండికి ఇది బాగా పనికొచ్చింది.

కంటికి కనిపించే ఎర్ర వెలుగునిచ్చే ఎల్.ఇ.డి.ని 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ తయారు చేశారు. నీలం రంగు మాత్రం చాలా కాలం చిక్కలేదు. దాన్ని సాధించిన అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. నీలం దొరికాకనే తెలుపూ దొరికింది. నీలం ముక్క మీద పసుపు పూత పూస్తే మన కంటికి తెల్లని వెలుగు కనిపిస్తుంది.

విదేశాల్లో ఇద్దరు కూర్చునే టాపు లేని స్పోర్ట్స్ కార్లు కొన్నవారు ఈ పని సరదాగా ఇంటి దగ్గరే చేసుకుంటారు. 1989లో వచ్చిన మాజ్దా ఎం.ఎక్స్.-5 అలాంటి కారే. మన దేశంలో 2020లో వచ్చిన మహీంద్రా థార్‌లోనూ గుడ్డ టాపు మడిచే రకం వచ్చింది. మన ఊళ్లలో మాత్రం ఈ హంగు ఎక్కువగా పెళ్లి బండ్లకే.

పన్నెండు వోల్టులే కదా అనుకోవద్దు

బండి బ్యాటరీ 12 వోల్టులది. చేత్తో ముట్టుకుంటే షాకు కొట్టదు. ఆ ధైర్యంతోనే చాలామంది తీగలను ఇష్టం వచ్చినట్టు మెలివేసి టేపు చుట్టేస్తారు. ఇక్కడే పొరపాటు.

బ్యాటరీ షాకు కొట్టదు గాని, కాలుస్తుంది. ఇంజను స్టార్టు చేసే క్షణంలో అది వంద ఆంపియర్లకు పైగా కరెంటు ఇస్తుంది. తీగ మీది రబ్బరు ఒరిసిపోయి, లోపలి రాగి బండి ఇనుముకు తగిలిందంటే అంత కరెంటూ ఆ సన్న తీగలోనే పారుతుంది. లెక్కపెట్టేలోగా తీగ ఎర్రబారుతుంది. దాని పక్కన కాగితం పూలుంటే ఇక చెప్పేదేముంది?

దీనికి విరుగుడు ఫ్యూజు. కొద్ది రూపాయల వస్తువు. దీపాలకు వెళ్లే తీగకు బ్యాటరీ దగ్గరే, జానెడు దూరం దాటకుండా ఫ్యూజు పెట్టాలి. దీపాల దగ్గర పెడితే లాభం లేదు. బ్యాటరీకి, ఫ్యూజుకు మధ్య ఉన్న తీగకు కాపలా ఉండదు. దీపాలు 6 ఆంపియర్లు తీసుకుంటే 7.5 లేదా 10 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. ఫ్యూజు పదేపదే పోతోందని దాని బదులు రాగి తీగ చుట్టడం, కాపలా కుక్క మొరుగుతోందని దాన్ని తరిమేసినట్టే. అది ఎందుకు పోతోందో వెతకాలి.

ఇనుప రేకులో రంధ్రం చేసి తీగ దూర్చే చోట రబ్బరు వాషరు వేయాలి. లేకపోతే బండి కుదుపులకు రేకు అంచు కత్తిలా తీగను కోస్తుంది. సైలెన్సరు, ఇంజను, పెట్రోలు గొట్టం పక్కగా తీగ పోనివ్వకూడదు. అతుకులను మెలివేసి వదలకుండా టంకం పెట్టి, వేడికి ముడుచుకునే గొట్టం తొడగాలి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీగను విప్పాలి. పనంతా అయ్యాకే దాన్ని మళ్లీ బిగించాలి.

హెడ్‌లైటు తీగను కోసి దానికే ఈ దీపాలు కలపడం మరో అలవాటు. అలంకరణ దీపాల్లో తేడా వస్తే హెడ్‌లైటు కూడా ఆరిపోతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. అలంకరణ దీపాలకు తీగ వేరు, ఫ్యూజు వేరు, స్విచ్చు వేరుగా ఉండాలి.

బ్యాటరీ లెక్క

ఊరేగింపు మధ్యలో బండి ఆగిపోయి, బంధువులు వెనక నుంచి తోయడం చూసే ఉంటారు. దీపాలకూ బ్యాటరీకీ ఉన్న లెక్క చూసుకోకపోవడం దీనికి ఒక కారణం.

దీపాల పట్టీ సాధారణంగా 5 మీటర్ల చుట్టగా దొరుకుతుంది. మీటరుకు 60 చిన్న ముక్కలుండే రకంలో చుట్టకు దాదాపు 24 వాట్లు పడుతుంది. అంతే సంఖ్యలో పెద్ద ముక్కలుండే రంగులు మారే రకంలో దాదాపు 72 వాట్లు పడుతుంది. వాట్లను 12తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. చిన్న రకం చుట్టకు 2 ఆంపియర్లు, పెద్ద రకానికి 6 ఆంపియర్లు.

బండిలో 40 ఆంపియర్ గంటల బ్యాటరీ ఉందనుకుందాం. అందులో సగానికి మించి వాడితే ఇంజను స్టార్టు కావడం కష్టం. అంటే మన చేతిలో ఉన్నది 20 మాత్రమే. పెద్ద రకం చుట్టలు రెండు వెలిగిస్తే గంటకు 12 చొప్పున పోతుంది. గంటన్నర దాటితే గండమే. చిన్న రకం చుట్టలు రెండైతే గంటకు 4 చొప్పున అయిదు గంటలు లాగుతుంది.

ఇంజను నడుస్తుంటే ఛార్జి అవుతుంది కదా అని కొందరంటారు. నిజమే. కాని ఊరేగింపులో బండి నత్తనడక నడుస్తుంది. ప్రతి గుమ్మం ముందూ ఆగుతుంది. ఇంజను నెమ్మదిగా తిరిగినప్పుడు ఛార్జింగు తక్కువగా ఉంటుంది. పైగా హెడ్‌లైట్లు, పాటల పెట్టె కూడా అదే బ్యాటరీ మీద ఆధారపడతాయి. అందుకని అలంకరణకు వేరే బ్యాటరీ పెట్టుకోవడం మేలు. దాన్ని కదలకుండా పట్టీతో కట్టి, పైన ఇనుప వస్తువు పడకుండా మూత వేయాలి. ఛార్జింగులో బ్యాటరీ నుంచి మండే వాయువు వస్తుంది కనుక దాని దగ్గర బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు.

జనరేటరు కరెంటు బండి మీదికి వద్దు

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇది. బ్యాటరీ గొడవెందుకని కొన్నిచోట్ల వెనక వచ్చే జనరేటరు నుంచి తీగ లాగి, ఇళ్లకు కట్టే 230 వోల్టుల సీరియల్ సెట్లను బండికి చుడతారు. ఆ తీగల మీది రబ్బరు పల్చగా ఉంటుంది. గుండుసూదులతో, బైండింగు వైరుతో కట్టేటప్పుడు చిరుగుతుంది. తీగ ఇనుముకు తగిలితే బండి మొత్తానికి కరెంటు వస్తుంది.

బండి రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది. ఇంట్లో అయితే ఎర్తు తీగ ఉంటుంది, ఇక్కడ అది ఉండదు. బండిలోకి వచ్చిన కరెంటు భూమిలోకి దిగే దారి లేక కాచుకుని ఉంటుంది. బండిలో కూర్చున్న వధూవరులకు ఏమీ తెలియకపోవచ్చు. నేల మీద నిలబడి అక్షింతలు వేయబోయి బండి అంచు పట్టుకున్నవారే ఆ కరెంటుకు దారి అవుతారు. చెప్పుల్లేని కాళ్లు, నీళ్లు చల్లిన వాకిలి అయితే మరీ ప్రమాదం. అందుకే బండి మీదికి 12 వోల్టులు దాటి రాకూడదు.

బండికి ఎత్తుగా ఇనుప కమానులు కట్టేవారు పైనున్న కరెంటు తీగలను కూడా చూసుకోవాలి. 11 కె.వి. లైనుకు ఇనుము ఆనవలసిన పని కూడా లేదు. మరీ దగ్గరకు వెళితే చాలు. ఊరేగింపు దారిని పగటిపూటే ఒకసారి నడిచి చూసి, వేలాడే తీగ ఉంటే విద్యుత్ సిబ్బందికి చెప్పాలి.

దీపం కనపడకూడదు, వెలుగు కనపడాలి

అందం సంగతికి వస్తే ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే చాలు. దీపం కంటికి కనపడకూడదు, దాని వెలుగు పడిన చోటే కనపడాలి. సీటు కింద, తలుపు అంచు లోపల, కాళ్ల దగ్గర రేకు చాటున పట్టీ అంటిస్తే వెలుగు మెత్తగా పరుచుకుంటుంది. డ్రైవరు ముందున్న అద్దంలో ప్రతిఫలించేలా పెడితే అతనికి దారి కనపడదు. వెలుగుకు అలవాటు పడిన కన్ను చీకట్లో ఉన్న మనిషిని పోల్చుకోలేదు. ఎదుట చిందులు వేసేది మన పిల్లలే.

పట్టీని ఎక్కడ పడితే అక్కడ కత్తిరించకూడదు. దాని మీద కత్తెర గుర్తు ఉన్న చోటే కోయాలి. 12 వోల్టుల పట్టీలో సాధారణంగా మూడు ముక్కలకొకసారి ఆ గుర్తు ఉంటుంది. టాపు లేని బండి కనుక వాన పడినా తట్టుకునే పూత ఉన్న పట్టీనే కొనాలి. కోసిన చివరను సిలికాన్‌తో మూయాలి. వెనకున్న జిగురు మన ఎండకు, దుమ్ముకు నిలవదు. రేకును శుభ్రంగా తుడిచి అంటించి, అక్కడక్కడ క్లిప్పులు బిగించాలి. ఊడిన పట్టీ వేలాడి చక్రానికి చుట్టుకుంటే కొత్త తలనొప్పి.

హెడ్‌లైటులో పాత బల్బు తీసి ఎల్.ఇ.డి. బల్బు దూర్చడం అసలే మంచిది కాదు. ఆ హెడ్‌లైటు అద్దాన్ని పాత బల్బులోని తీగ ఉన్న చోటును బట్టి మలిచారు. వెలుగు పుట్టే చోటు కాస్త మారినా వెలుగు చెదిరి ఎదుటివారి కళ్లలో కొడుతుంది. సైకిలు మీద వచ్చే రైతుకు ఆ క్షణం రోడ్డూ కనపడదు, కాలువా కనపడదు.

చట్టం ఏమంటోంది

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ తయారు చేసి రిజిస్టరు చేయించిన తీరుకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది చేసిన సవరణ ప్రకారం అనుమతి లేని మార్పుకు ఆరు నెలల దాకా జైలు గాని, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. మామూలు జీపు టాపు కోసి ఊరేగింపు బండి చేసినవారు ఈ సంగతి గమనించాలి.

దీపాల రంగులకూ నియమాలున్నాయి. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం బండి ముందు వైపు ఎర్ర దీపం చూపకూడదు. వెనక్కి వెళ్లేటప్పుడు వెలిగే దీపం, నంబరు ప్లేటు దీపం, మలుపు దీపాల వంటివి తప్ప వెనుక వైపు ఎర్ర రంగు కాక వేరే రంగు ఉండకూడదు. మెరిసే ఎర్ర, నీలం దీపాలు అత్యవసర వాహనాలకే పరిమితం. కనుక అలంకరణ బండి లోపలి వరకే ఉంచుకుని, మెయిన్ రోడ్డు ఎక్కేటప్పుడు స్విచ్చు ఆపేయడం మంచిది. శాశ్వతంగా ఏదైనా బిగించే ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

బయలుదేరే ముందు

బండి బాడుగకు మాట్లాడుకునేటప్పుడు రేటు ఒక్కటే అడిగితే చాలదు. అలంకరణకు ఫ్యూజు ఉందా, బ్యాటరీ వేరుగా ఉందా, జనరేటరు తీగ బండి మీదికి వస్తుందా అని అడగాలి. బయలుదేరే ముందు దీపాలన్నీ అరగంట వెలిగించి, తీగల మీద చెయ్యి వేసి చూడాలి. ఎక్కడైనా వేడి తగిలితే అక్కడ అతుకు సరిగా లేదన్నమాట. బండిలో ఒక బకెట్ పొడి ఇసుక, మంటలార్పే సిలిండరు ఉంచుకోవాలి. బాణసంచా బండికి దూరంగా కాల్చాలి.

జనరేటరు తీగ వల్ల ఎవరికైనా షాకు కొడితే ముందు జనరేటరు ఆపాలి. మనిషిని చేత్తో లాగబోతే రెండో ప్రాణం కూడా ప్రమాదంలో పడుతుంది. ఆ తర్వాత 108కి ఫోను చేయాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకునే కంటే ముందు పది నిమిషాలు చూసుకోవడం తేలిక.

పెట్రోమాక్సు రోజుల్లో లైటు మోసే మనిషి మధ్యమధ్య దించి గాలి కొట్టి, మాంటిల్ చూసుకుని మళ్లీ ఎత్తుకునేవాడు. దీపం మారింది గాని ఆ శ్రద్ధ మారకూడదు. బండి వాకిట్లోకి వచ్చి, హారతి ఇచ్చి, కొత్త కోడలు కుడికాలు లోపల పెట్టేదాకా ఆ వెలుగు నిలవాలి. ఊరేగింపుకు వచ్చినవారంతా క్షేమంగా ఇళ్లకు చేరాలి.