పాదములకు రక్తప్రసరణ – ఇంటివారు తెలిసికొనవలసిన రెండు నాడులు

కోనసీమలో కాలు వాచినదనగానే బోదకాలని భయపడుట పరిపాటి. నీరు నిలిచి, అన్ని ఋతువులయందును చల్లగానుండు ప్రదేశములలో శ్లీపదము అధికమని సుశ్రుతాచార్యులు చెప్పియున్నారు. అయితే అది శోషరస నాళముల వ్యాధి. ధమని పూడి పాదమునకు రక్తము చాలకపోవుట వేరు వ్యాధి. ఇందులో కాలు సాధారణముగా వాయదు, చల్లబడి సన్నగిల్లును. అందుచే ఇంటివారి దృష్టి దానిపై పడదు.

తొడనుండి దిగిన ధమని మోకాలి వెనుకనుండి పిక్కలో ప్రవేశించి శాఖలగును. ముందు శాఖ చీలమండ ముందుగా పాదము మీదికి వచ్చును. వెనుక శాఖ లోపలి చీలమండ వెనుకనుండి అరికాలు చేరును. ముందు శాఖ బొటనవ్రేలికి, ప్రక్కవ్రేలికి నడుమ లోనికి దిగి, అరికాలి శాఖతో విల్లువలె కలియును. వ్రేళ్లకు రక్తము ఇచటినుండియే అందును. క్షిప్రమర్మ స్థానము ఈ సందునే యున్నది. రెండు కాలువలు ఒకే చేనిని తడుపునట్లు, ఒకటి పూడినను రెండవది కొంత ఆదుకొనును. రెండును పూడినచో వ్రేళ్లు నల్లబడును.

రోగిని పరుండబెట్టి, చూపుడువ్రేలు, నడిమివ్రేలు మెల్లగా ఆనించి, పాదము మీద నడుమ భాగమునను, లోపలి చీలమండకు మడమకు మధ్యనున్న పల్లములోను నాడి చూడుడు. రెండు కాళ్లను పోల్చుడు. కొందరికి పుట్టుకతోనే పాదము మీది నాడి అందదు. కాని రెండు చోట్లను అందనిచో వైద్యునకు చూపి, డాప్లర్ పరీక్ష చేయింపవలెను.

మధుమేహము కలవారు, చుట్ట, బీడీ, సిగరెట్టు త్రాగువారు మరింత జాగ్రత్త వహింపవలెను. కొంతదూరము నడువగానే పిక్క పట్టి, నిలిచినచో తగ్గుట మొదటి సూచన. రాత్రివేళ పాదము నొప్పి, మానని పుండు తరువాతివి. ఇట్టివారికి ఇసుక కాపడము, వేడినీళ్ల తొట్టి, గట్టి మర్దనము పనికిరావు. మధుమేహమున స్పర్శ తగ్గియుండుటచే కాలినను తెలియదు. రక్తము చాలని చర్మము మానదు. పుండుపై ఆకుపసరు కట్టరాదు.

నిత్యము పాదములు కడిగి, వ్రేళ్ల సందులు పొడిగా తుడిచి, పొడిబారిన చోట మాత్రము కొబ్బరినూనె పలుచగా రాయవచ్చును. పొగాకు పూర్తిగా మానవలెను. కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, తీవ్రముగా నొచ్చినచో గంటలలోనే పెద్దాసుపత్రికి చేర్పవలెను. రేవు దాటవలసిన లంక గ్రామములవారు తెల్లవారువరకు ఆగరాదు.