కంద ఆకులో వింతలు: కూలీ కంటికి విలువ లేదా?

కంద చేలో కలుపు తీసేవాళ్లకు యీ సంగతి కొత్త కాదు. వేల మొక్కల్లో ఎక్కడో ఒకటి వేరుగా వుంటుంది. ఒకదాని ఆకు మీద తెల్లచారలు. ఇంకొకదాని ఆకు ముడుచుకుపోయి, తాడులా సన్నబడి వుంటుంది. వేసవి చివర ఒక్కోచోట ఆకే లేకుండా నేలలోంచి వూదారంగు పువ్వు లేచి, కుళ్లిన మాంసం కంపు కొడుతుంది. కొందరు దండం పెడతారు, కొందరు అరిష్టమంటారు. యీ మూడూ ఒకటి కావు. వేరుచేసి చూడాలి.

మొదట పువ్వు సంగతి. అందులో వింతేమీ లేదు, అది కంద స్వభావం. బాగా ముదిరిన దుంప వానలకు ముందు ఆకు లేకుండానే పూస్తుంది. కంపు పురుగుల్ని పిలవడానికి, పుప్పొడి మోయించడానికి. దేవుడూ లేడు, దెయ్యమూ లేదు.

రెండోది, నిజంగా పుట్టుక మారిన మొక్క. దీన్నే శాస్త్రజ్ఞులు ఉత్పరివర్తనం అంటారు. చిగురులో ఒక కణం మారితే దాన్నుంచి పెరిగిన భాగంలో పత్రహరితం వుండదు, తెల్లగా వస్తుంది. మామూలుగా కత్తితో కోసినట్టు హద్దు వుంటుంది, ఆకు ఆకారం పెద్దగా చెడదు. తెల్లభాగం తిండి తయారుచేయలేదు, పచ్చభాగం కష్టం మీద బతుకుతుంది. మనకు తెలిసిన వ్యవహారమే గదా!

యీ వింతకు ధర కట్టేవాళ్లున్నారు. కంద కుటుంబానికే చెందిన ఒక తెల్లమచ్చల తీగ, తొమ్మిదాకుల మొక్క, 2021లో న్యూజిలాండ్‌లో 27,100 డాలర్లకు వేలంలో పోయింది. మందుతో ఆకులకు గులాబి రంగు తెప్పించి అరుదైన మొక్కలని అమ్మినవాళ్లూ వున్నారు; కొన్ని నెలలకు కొత్తాకులు పచ్చగానే వచ్చాయి. వ్యాపారి చేతిలో ప్రకృతి వింత కూడా సరుకే.

అయితే తేడాగా కనిపించిన ప్రతిదీ చెడ్డది కాదు. దురద తక్కువగా వుండే గజేంద్ర కంద కూడా కొవ్వూరు ప్రాంతంలో దొరికిన రకాల్లోంచి ఏరిందే. మంచి దుంపను గుర్తుపట్టే కన్ను వుండబట్టే అది నిలిచింది.

మూడోదే మన కొంప ముంచేది. ముదురు, లేత పచ్చ మచ్చలు కలగలిసి, అంచులు ముడుచుకుని, ఆకు సన్నబడితే అది పుట్టుక మార్పు కాదు, మొజాయిక్ తెగులు. దీనికి కారణం వైరస్. పేనుబంక మోస్తుంది, విత్తన దుంపతో మరుసటేడుకీ వస్తుంది. సోకాక మందు లేదు. దుంప వూరదు.

ఇక్కడ అసలు చిక్కు చూడండి. విత్తనం ఏరేది ఆకు ఎండి, దుంప తవ్వాక. అప్పుడు ఏ దుంప రోగిష్టిదో చూపుకు తెలియదు. ఆకు పచ్చగా వున్నప్పుడు సాలు సాలూ తిరిగినవాళ్లకే అది తెలుసు. అంటే కలుపు తీసిన ఆడకూలీలకు.

మా ముఠాలో ఒక అక్క ముడతాకుల మొక్కలు చూపించి, "వీటిని విత్తనానికి వుంచకండయ్యా" అని ఆసామికి చెప్పింది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అన్నాడాయన. నవ్వారందరూ. ఆ దుంపలే కోసి, కౌలుదారుకు విత్తనంగా అమ్మారు. మరుసటేడు చేను సగం ముడిచింది. కౌలు మాత్రం తగ్గలేదు. మాకు తవ్వకం కూలిరోజులు తగ్గాయి.

లెక్క వేసుకోండి. 90 సెంటీమీటర్ల ఎడంతో నాటితే ఎకరానికి సుమారు 5,000 ముక్కలు. ముక్క అరకిలో అనుకున్నా 25 క్వింటాళ్ల విత్తనం! అది అప్పు తెచ్చి కొనేది.

అందుకని చేయవలసిందిది. ముడతాకు కనబడిన మొక్క పక్కన పుల్ల పాతండి. నాటిన తొలి రోజుల్లోనే అయితే దుంపతో సహా పీకించండి. ముదిరాక అయితే ఆ దుంపను కూరకు అమ్మాలి గాని విత్తనానికి వుంచకూడదు. తెల్లచారల మొక్కను వేరే గుర్తుతో వదిలి, వచ్చే యేడు ఏమవుతుందో చూడండి. తిరువనంతపురంలో 1963 నుంచి కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ వుంది. తెగులు లేని విత్తనం కౌలుదారు దాకా చేర్చాలని వ్యవసాయ శాఖను సంఘంగా అడగాలి. విత్తనం కోసం చేను గుర్తుపెట్టే పనికి వేరే కూలి అడగాలి.

కంద దురద కత్తిపీటకు వుండకపోవచ్చు. దాన్ని తవ్వి, కోసే మన చేతులకుంది. అందుకే మాట్లాడే హక్కూ మనకుంది.